జర్మనీలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్: 7.8 సీజీపీఏతో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు వస్తుందా?

ఓరుగల్లు_కుర్రాడు:

సభ్యులందరికీ నమస్కారం. జేఎన్టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న ఒక కళాశాలలో బీటెక్ సీఎస్ఈ చివరి ఏడాది చదువుతున్నాను. ఇప్పటికి సీజీపీఏ 7.8. రెండో ఏడాదిలో రెండు సబ్జెక్టులు తప్పాను, సప్లిమెంటరీలో గట్టెక్కాను. ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చింది. జర్మన్ భాష ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను.

నాన్న వ్యవసాయం చేస్తారు. ఉన్న పొలం తాకట్టు పెట్టి అమెరికా వెళ్లే ధైర్యం నాకు లేదు. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు పెద్దగా ఉండదని విని హనుమకొండలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. "ఎనిమిది దాటకపోతే ప్రభుత్వ విశ్వవిద్యాలయం మాట మరిచిపో, ప్రైవేటులో అయితే నెలలో అడ్మిషన్ లెటర్ ఇప్పిస్తాం" అన్నారు. అది నిజమేనా? అసలు వాళ్లు ఏం చూసి సీటిస్తారు? చేరాక పట్టా చేతికి రావాలంటే ఏమేం పూర్తి చేయాలి? అక్కడ చదువుతున్నవాళ్లు, చదివినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఆఖెన్_తెలుగు:

జర్మనీ అంతటికీ వర్తించే ఎనిమిది అనే గీత ఏదీ లేదు తమ్ముడూ. ఆ మాట అన్నవాళ్లకు ప్రైవేటు విశ్వవిద్యాలయం నుంచి కమీషన్ ముడుతుందేమో ముందు కనుక్కో.

మన మార్కులను వాళ్లు ఉన్నవి ఉన్నట్టు చూడరు, జర్మన్ గ్రేడులోకి మారుస్తారు. అక్కడ 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే బొటాబొటి ఉత్తీర్ణత. ఎంత చిన్న అంకె అయితే అంత మంచిది. మార్చే పద్ధతిని సవరించిన బవేరియన్ సూత్రం అంటారు. గరిష్ఠ మార్కులోంచి నీకు వచ్చింది తీసేయి. గరిష్ఠంలోంచి కనీస ఉత్తీర్ణత మార్కు తీసేయి. మొదటి దాన్ని రెండో దానితో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపు. అంతే.

నీ లెక్క వేద్దాం. 10లోంచి 7.8 పోతే 2.2. జేఎన్టీయూలో ఉత్తీర్ణతకు కనీస గ్రేడ్ పాయింట్ 5 కాబట్టి 10లోంచి 5 పోతే 5. 2.2ను 5తో భాగిస్తే 0.44. దాన్ని మూడుతో గుణిస్తే 1.32, ఒకటి కలిపితే 2.32. చాలా కోర్సులు 2.5 లేదా అంతకన్నా మంచి గ్రేడు అడుగుతాయి. అంటే నువ్వు గీతకు ఇవతలే ఉన్నావు. ఈ లెక్కన 2.5కు సరిపోయే సీజీపీఏ 7.5.

ఇక్కడొక కీలకం ఉంది. అదే 7.8 వచ్చి, కనీస ఉత్తీర్ణత పాయింటు 4 ఉన్న విశ్వవిద్యాలయం విద్యార్థికి గ్రేడు 2.1 వస్తుంది. కాబట్టి కనీస ఉత్తీర్ణత ఎంతో తెలిపే గ్రేడింగ్ వివరణ పేజీ నీ మార్కుల పత్రం వెనుక ఉందో లేదో చూసుకో. లేకపోతే విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం నుంచి రాయించుకో. దాన్ని కూడా స్కాన్ చేసి పెట్టాలి. చాలామంది ముందు పేజీ ఒక్కటే పెట్టి ఊరుకుంటారు.

తప్పిన సబ్జెక్టుల గురించి దిగులుపడకు. ఈ సూత్రంలో వాటికి చోటు లేదు. అన్నీ పాసై పట్టా చేతికి వచ్చి ఉండాలి, అంతవరకే.

సార్లాండ్_అక్క:

ఆఖెన్ గారు చెప్పిన లెక్క సరైనదే. అయితే దరఖాస్తులు ఎక్కువగా వీగిపోయేది గ్రేడు దగ్గర కాదు, సబ్జెక్టుల దగ్గర. ఈ సంగతి మనవాళ్లకు ఎవరూ చెప్పరు, నాకు బాధ అదే.

జర్మన్ విశ్వవిద్యాలయాలు నీ బీటెక్‌ను తమ బ్యాచిలర్ డిగ్రీ పక్కన పెట్టి పోల్చి చూస్తాయి. గణితం ఎంత చదివావు, సిద్ధాంత భాగం ఎంత, సిస్టమ్స్ భాగం ఎంత, ప్రోగ్రామింగ్ ఎంత అని విడివిడిగా లెక్కేస్తాయి. ప్రతి కోర్సుకూ అడ్మిషన్ నిబంధనల పత్రం ఒకటి ఉంటుంది. ఫలానా విభాగంలో కనీసం ఇన్ని ఈసీటీఎస్ క్రెడిట్లు ఉండాలని అందులో రాసి ఉంటుంది. ఒక విభాగంలో తక్కువైతే 9.5 సీజీపీఏ ఉన్నా తిరస్కరిస్తారు. అన్నీ సరిపోతే 7.6కు కూడా సీటు వస్తుంది.

ఈసీటీఎస్ అంటే యూరప్ క్రెడిట్ పద్ధతి. ఏడాదికి 60, నాలుగేళ్లకు 240. మన బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. 240ని 160తో భాగిస్తే 1.5. మన 4 క్రెడిట్ల సబ్జెక్టు అక్కడ సుమారు 6, మన 3 క్రెడిట్ల సబ్జెక్టు 4.5. కొన్ని విశ్వవిద్యాలయాలు వేరే రకంగానూ లెక్కేస్తాయి కానీ, నీ స్థితి ఏమిటో తెలుసుకోవడానికి ఇది చాలు.

ఇప్పుడు అసలు పని. చాలాచోట్ల సబ్జెక్టుల పోలిక పట్టిక ఒకటి నింపమంటారు. ఎడమ వైపు వాళ్ల విభాగం, కుడి వైపు నీ సబ్జెక్టు, దాని క్రెడిట్లు, సిలబస్ పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆ సంఖ్య. నాకు తెలిసిన ఒక అమ్మాయి మార్కుల మెమోలో ఉన్న పొడి అక్షరాలే దించి పంపింది. ఎఫ్‌ఎల్ఏటీ అంటే ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమాటా థియరీ అని తెలియక దాన్ని సిద్ధాంత విభాగంలో లెక్కే వేయలేదు. ఏడు వేల కిలోమీటర్ల అవతల కూర్చుని మన మెమో చదివే మనిషికి ఎఫ్‌ఎల్ఏటీ అంటే ఏం తెలుస్తుంది? సబ్జెక్టు పూర్తి పేరు రాయాలి. ఐదు యూనిట్లలో ఏముందో ఒక్కో వాక్యం రాయాలి. వారానికి ఎన్ని గంటలు, ల్యాబ్ ఉందా, ఏ పాఠ్యపుస్తకం, పరీక్ష ఎలా జరిగింది, ఇవన్నీ ఉండాలి. నీ రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఈ పట్టికకు ఓ వారం కేటాయించు. మోటివేషన్ లెటర్ మీద నెల పెట్టేవాళ్లు దీని మీద గంట కూడా పెట్టరు.

ఈసీఈ_పట్టా:

అక్క చెప్పింది నా విషయంలో అక్షరాలా నిజం. ఈసీఈలో 8.4. మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే ఉన్నాను. కంప్యూటర్ సైన్స్ కోర్సులకు పెట్టిన దరఖాస్తులకు దాదాపు ఒకే జవాబు వచ్చింది: సిద్ధాంత కంప్యూటర్ సైన్స్‌లో తగినన్ని క్రెడిట్లు లేవు. ఉద్యోగానుభవాన్ని అసలు పట్టించుకోలేదు. ఆన్‌లైన్‌లో అల్గారిదమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ కోర్సులు చేసి సర్టిఫికెట్లు తెచ్చుకుంటే ఉపయోగం ఉంటుందా?

సార్లాండ్_అక్క:

సాధారణంగా మార్కుల పత్రంలో ఉన్నదే లెక్కకు వస్తుంది. విడిగా తెచ్చుకున్న సర్టిఫికెట్ ఆసక్తిని చూపిస్తుంది, లోటును పూడ్చదు.

మీకు రెండు దారులు ఉన్నాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు లోటు కొద్దిగానే ఉంటే షరతులతో చేర్చుకుంటాయి. తక్కువైన బ్యాచిలర్ సబ్జెక్టులను మొదటి ఏడాదిలో పూర్తి చేయాలని అడ్మిషన్ లెటర్‌లోనే రాస్తారు. ఆ క్రెడిట్లు మాస్టర్స్ క్రెడిట్లలో కలవవు, అదనపు భారం అన్నమాట. ఈ వెసులుబాటు ఉందో లేదో నిబంధనల పత్రంలోనే ఉంటుంది. రెండో దారి, ఎలక్ట్రానిక్స్‌కూ కంప్యూటింగ్‌కూ మధ్యలో ఉండే కోర్సులు: ఎంబెడెడ్ సిస్టమ్స్, కమ్యూనికేషన్స్, ఆటోమేషన్, రోబోటిక్స్. మీ సిగ్నల్స్, కంట్రోల్ సిస్టమ్స్, మైక్రోప్రాసెసర్లు అక్కడ బలం అవుతాయి. సీఎస్ అన్న పేరు కోసం పట్టుబట్టి ఇంకో ఏడాది పోగొట్టుకోకండి.

తెనాలి_నాన్న:

నమస్కారమండీ. మా అమ్మాయి బీటెక్ పూర్తి చేసింది, తనకూ ఇదే ఆలోచన. ఫీజు లేదు లేదు అంటారు గానీ మొత్తం ఎంత సిద్ధం చేసుకోవాలో ఎవరూ సూటిగా చెప్పడం లేదు. కన్సల్టెన్సీ వాళ్లు వీసా కోసం చూపించే బ్లాక్డ్ అకౌంట్ డబ్బును కూడా ఫీజు అన్నట్టే మాట్లాడుతున్నారు. ఉద్యోగం నుంచి రిటైరవడానికి ఇంకా ఎన్నో ఏళ్లు లేవు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఆఖెన్_తెలుగు:

అంకుల్, ఆ డబ్బు ఫీజు కాదు. అది మీ అమ్మాయి సొంత ఖర్చుల డబ్బు. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు అమ్మాయి పేరు మీద ఖాతాలో వేసి చూపించాలి. వచ్చాక నెలకు 992 యూరోల చొప్పున తననే తీసుకోనిస్తారు. యూరోకు వంద రూపాయల చొప్పున వేసుకుంటే సుమారు 12 లక్షలు. ఆ మొత్తం ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి వీసా దరఖాస్తు సమయానికి రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఫీజు విషయంలో రాష్ట్రాన్ని బట్టి తేడా ఉంది. చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము మాత్రమే కట్టాలి. అది సాధారణంగా కొన్ని వందల యూరోల లోపే, చాలాచోట్ల స్థానిక బస్సు, రైలు పాసు కూడా అందులో కలిసి ఉంటుంది. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో, అంటే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, ఫ్రైబుర్గ్ వంటి చోట్ల, మనలాంటి యూరోపియన్ యూనియన్ బయటి వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. ఇది 2017 నుంచే ఉంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024–25 శీతాకాల సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే యూరోపియన్ యూనియన్ బయటి వాళ్లకు ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు. పాత వీడియోలు చూసి మ్యూనిక్‌లో ఉచితం అనుకుని దరఖాస్తు పెట్టేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు.

వీటికి తోడు ఆరోగ్య బీమా. విద్యార్థులకు నెలకు 120 యూరోలకు పైనే అవుతుంది, ఆ 992లోంచే కట్టుకోవాలి. 30 ఏళ్లు దాటితే ప్రభుత్వ బీమాలో విద్యార్థి రేటు వర్తించదు. ఉద్యోగం చేసి ఆలస్యంగా వచ్చేవారు ఇది గమనించాలి. ఇల్లు మ్యూనిక్‌లో ఖరీదు, సార్‌బ్రూకెన్, కెమ్నిట్జ్, మాగ్డెబుర్గ్ లాంటి ఊళ్లలో చాలా తక్కువ.

పార్ట్‌టైమ్ పని మీద మొత్తం లెక్క వేసుకోకండి. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. విశ్వవిద్యాలయంలోనే సహాయకురాలిగా పని దొరికితే అది ఈ పరిమితిలోకి రాదు. అయితే మొదటి సెమిస్టర్‌లో పని దొరుకుతుందన్న నమ్మకంతో మాత్రం పంపకండి. రెండో ఏడాది ఖర్చుకు కూడా ఇంటి నుంచే ఏర్పాటు ఉంటే అమ్మాయి నిశ్చింతగా చదువుకుంటుంది.

గేట్_బాట:

అందరూ జర్మనీ అంటున్నారు కాబట్టి ఇంకో మాట చెప్పాలనిపించింది. ఓరుగల్లు తమ్ముడు పొలం తాకట్టు పెట్టలేనన్నాడు. 12 లక్షలు చూపించడం కూడా ఆ ఇంటికి చిన్న విషయం కాదు. మరి ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ ఎందుకు రాయకూడదు?

గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఎన్ఐటీలకు సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో ఓపెన్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 6.5 సీజీపీఏ లేదా 60 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 6.0 లేదా 55 శాతం ఉంటే చాలు. ఐఐటీలు, ఐఐఎస్సీ ఆఫర్లు సీఓఏపీ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వస్తాయి. వరంగల్ ఎన్ఐటీ మీ ఊళ్లోనే ఉంది. ఐఐటీ హైదరాబాద్ ఉంది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు పీజీఈఈ అనే సొంత పరీక్ష ఉంది. వంద మార్కుల పేపర్‌లో 15 ఆప్టిట్యూడ్‌కే పోతాయి, మిగతా 85 నువ్వు నాలుగేళ్లు చదివినవే. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

మంచి చదువుకు దేశం దాటాల్సిందేనని మన ఊళ్లలో పాతుకుపోయింది. అది సరికాదని గట్టిగా నమ్ముతాను.

సార్లాండ్_అక్క:

గేట్_బాట గారితో ఏకీభవిస్తున్నాను. గేట్ చదువు ఎటు వెళ్లినా వృథా పోదు. జర్మనీలోనూ కొన్ని కోర్సులు భారతీయుల నుంచి జీఆర్ఈ పరీక్ష స్కోరు అడుగుతాయి, వాటిలో కొన్ని దాని బదులు గేట్ స్కోరు తీసుకుంటాయి. ఆటోమాటా, అల్గారిదమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ గేట్ స్థాయిలో చదివినవాళ్లకు ఇక్కడ మొదటి సెమిస్టర్ అంత భయపెట్టదు. తమ్ముడూ, రెండూ పక్కపక్కనే పెట్టుకో. గేట్ ఫిబ్రవరిలో అయిపోతుంది, ఇక్కడి శీతాకాల సెమిస్టర్ గడువులు ఎక్కువగా మార్చి నుంచి జులై మధ్య ఉంటాయి.

జేఎన్టీయూ_బోధకుడు:

కళాశాలలో ఏటా ఎందరో పిల్లలకు సిఫారసు లేఖలు రాస్తుంటాను. మా వైపు నుంచి చూసినప్పుడు ఎక్కడ ఆగిపోతారో చెబుతాను.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, బీటెక్ మెమోలో ఇంటిపేరు చివర ఉంటుంది. మనకు అది ఒక మనిషే. అవతల పరిశీలించే వాళ్లకు మూడు పేర్లు. తండ్రి పేరు అక్షరక్రమంలో కూడా ఇదే గొడవ. ఇప్పుడే అన్ని కాగితాలూ వరుసగా పరచి, ఒక్కొక్క అక్షరం పోల్చి చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది.

రెండోది కాగితాలు. అన్ని సెమిస్టర్ల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ట్రాన్స్‌స్క్రిప్ట్ వేటికవే. సప్లిమెంటరీలో పాసైన సబ్జెక్టుల మెమోలు కూడా దాచుకోవాలి, చాలామంది అవి పారేస్తారు. ఫలితాలు వచ్చిన వెంటనే ట్రాన్స్‌స్క్రిప్ట్‌కు దరఖాస్తు చేయండి.

మూడోది మాకు సంబంధించింది. గడువుకు రెండు రోజుల ముందు వచ్చి "సార్, ఇప్పుడే సంతకం కావాలి" అంటే లేఖ అందరికీ రాసినట్టే ఉంటుంది. నెల ముందు వచ్చి, మీరు చేసిన ప్రాజెక్టు ఏమిటో, నా దగ్గర ఏ సబ్జెక్టు చదివారో ఒక పేజీ రాసి ఇస్తే, మీ గురించి నిజంగా నాలుగు మాటలు రాయగలుగుతాను.

అన్నట్టు, స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాల అయినా, కాకున్నా, జేఎన్టీయూ అనుబంధం ఉంటే పట్టా ఇచ్చేది జేఎన్టీయూనే. దరఖాస్తులో పట్టా ఇచ్చే సంస్థ అన్నచోట కళాశాల పేరు ఒక్కటే రాస్తే గుర్తింపు పొందిన సంస్థల జాబితాలో దొరకదు.

ఆఖెన్_తెలుగు:

గురువుగారు చెప్పిన పేర్ల విషయం ఏపీఎస్ దగ్గర బాగా తగులుతుంది. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మన పట్టాలు, మెమోలు అసలైనవేనని న్యూఢిల్లీలోని కేంద్రం పరిశీలించి ఇస్తుంది. రుసుము 18,000 రూపాయలు. వీసాకు అది కావాలి, చాలా విశ్వవిద్యాలయాలు దరఖాస్తుతోనే అడుగుతాయి. పరిశీలనకు పట్టే సమయం మన చేతిలో ఉండదు. కాబట్టి అన్నిటికన్నా ముందు ఇది మొదలుపెట్టాలి.

దరఖాస్తు కొన్నిచోట్ల నేరుగా విశ్వవిద్యాలయం పోర్టల్‌లో, కొన్నిచోట్ల యూని అసిస్ట్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా. యూని అసిస్ట్‌లో ఒక సెమిస్టర్‌కు మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, ఆపై ఒక్కోదానికి 30. వాళ్లు సీటివ్వరు, కాగితాలు సరిచూసి గ్రేడు మార్చి పంపుతారు, అంతే. నిర్ణయం విశ్వవిద్యాలయానిదే.

కోర్సులు వెతకడానికి జర్మన్ విద్యా వినిమయ సంస్థ డీఏఏడీ వెబ్‌సైట్‌లోని అంతర్జాతీయ కోర్సుల జాబితా ఉచితం. ఇంగ్లిష్ మాధ్యమం, మాస్టర్స్, ఇన్ఫర్మాటిక్స్ అని ఎంచుకుంటే అన్నీ వరుసగా కనిపిస్తాయి. కన్సల్టెన్సీలు డబ్బు తీసుకుని చూపించేది కూడా ఆ జాబితానే.

చివరి_సెమిస్టర్:

ఓరుగల్లు తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న, పట్టాకు ఏం కావాలి అన్నది, అందరూ వదిలేశారు. ఇప్పుడు థీసిస్ రాస్తున్నాను కాబట్టి చెబుతాను.

మొత్తం 120 క్రెడిట్లు, నాలుగు సెమిస్టర్లు, సెమిస్టర్‌కు 30. ఒక్క క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల శ్రమ. అంటే సెమిస్టర్‌కు 750 నుంచి 900 గంటలు. క్లాసులో కూర్చునే సమయం అందులో కొంతే. 120లో 30 థీసిస్‌కు. మిగతా 90లో లెక్చర్లు, సెమినార్లు, ప్రాజెక్టు లేదా ల్యాబ్ ఉంటాయి. లెక్చర్లను విభాగాల వారీగా ఎంచుకోవాలి. ఇష్టమని తొంభైకి తొంభై మెషీన్ లెర్నింగ్‌లో తీసుకోనివ్వరు. సిద్ధాంత భాగంలో ఇన్ని, సిస్టమ్స్‌లో ఇన్ని అని ఉంటుంది. ఇవన్నీ పరీక్షా నిబంధనల పత్రంలో ఉంటాయి. మొదటి వారంలోనే దాన్ని చదివినవాళ్లు హాయిగా ఉన్నారు, చదవనివాళ్లు చివరి సెమిస్టర్‌లో ఒక సెమినార్ తక్కువై ఆగిపోయారు.

మనవాళ్లను కుదిపేసేది పరీక్షల తీరు. మిడ్ పరీక్షలు, ఇంటర్నల్ మార్కులు, అసైన్‌మెంట్ మార్కులు కలిపి గట్టెక్కించే పద్ధతి ఇక్కడ లేదు. చాలా సబ్జెక్టుల్లో గ్రేడు మొత్తం సెమిస్టర్ చివరి పరీక్ష ఒక్కదాని మీదే. ఆ పరీక్ష రాయడానికి కూడా అర్హత సంపాదించాలి. వారం వారం లెక్కల షీటు ఇస్తారు. సెమిస్టర్ మొత్తం మీద వాటిలో చాలాచోట్ల సగం పాయింట్లు రావాలి, అప్పుడే పరీక్షకు అనుమతి. మా అల్గారిదమ్స్ షీటులో నాలుగే ప్రశ్నలు ఉండేవి. ఒక్కోదానికి నిరూపణ రాయాలి. సమాధానం తెలిసినంత మాత్రాన చాలదు, ఎందుకు అలా అవుతుందో మెట్టు మెట్టుగా రాయాలి. బీటెక్‌లో అల్గారిదమ్ రాసి టైమ్ కాంప్లెక్సిటీ వేస్తే పది మార్కులు పడేవి. ఇక్కడ అదే అల్గారిదమ్ తప్పకుండా ఆగుతుందని, సరైన జవాబే ఇస్తుందని రాయకపోతే సగం పోతాయి. ట్యూటర్ ఎర్ర పెన్నుతో పక్కన "ఎందుకు?" అని ఒక్క మాట రాసేవాడు. మొదటి రెండు నెలలు నా కాగితాల నిండా ఆ మాటే.

తర్వాత రిజిస్ట్రేషన్. పరీక్షకు పోర్టల్‌లో మనమే పేరు నమోదు చేసుకోవాలి. గడువు దాటితే రాయనివ్వరు, బతిమాలినా లాభం లేదు. కొన్ని సబ్జెక్టుల్లో మౌఖిక పరీక్ష ఉంటుంది. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని అరగంట మాట్లాడాలి, పక్కన ఒకరు రాసుకుంటూ ఉంటారు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ సాధన చేయడం ఒక్కటే మందు.

అన్నిటికన్నా ముఖ్యం: సప్లిమెంటరీ ఎన్నిసార్లయినా రాయవచ్చనే అలవాటుతో రావద్దు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ తప్పితే కోర్సు నుంచి పేరు తీసేస్తారు. సాధారణంగా అదే కోర్సులో జర్మనీలో మరోచోట కూడా చేరలేరు, వీసాకూ ముప్పే. నియమాలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి మీ విశ్వవిద్యాలయం పత్రంలో ప్రయత్నాల సంఖ్య ఎంత అన్నది వెతికి చదవండి.

థీసిస్‌కు ఆరు నెలలు. కావలసినన్ని క్రెడిట్లు పూర్తయితేనే నమోదు చేస్తారు. అంశం, మార్గదర్శకుణ్ని మనమే వెతుక్కోవాలి. మంచి మార్గం ఏమిటంటే, నచ్చిన విభాగంలో ముందు సెమినార్ చేయడం, అక్కడ పనితనం చూపించడం, ఆపై వాళ్లనే అడగడం. కంపెనీలో కూడా చేయవచ్చు, అయినా విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాలి.

రెండేళ్లలో ముగించేవాళ్లు ఉన్నారు. ఐదారు సెమిస్టర్లు తీసుకునేవాళ్లే ఎక్కువ. తెనాలి అంకుల్ డబ్బు లెక్కలో అది కలుపుకోవాలి.

తెనాలి_నాన్న:

ఇంత వివరంగా చెప్పినందుకు ఎంతో సంతోషం అమ్మా. రెండున్నరేళ్లకు లెక్క వేసుకుంటాను. మా అమ్మాయికి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. "నిరూపణలు రాయాలా" అని కాస్త భయపడింది గానీ వెంటనే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ పుస్తకం తీసింది. ఒక్క సందేహం. చదువంతా ఇంగ్లిష్‌లోనే అయితే జర్మన్ నేర్చుకోవడం అవసరమా?

ఆఖెన్_తెలుగు:

సీటుకు అవసరం లేదు, బతుకుకు అవసరం అంకుల్. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల నివాస అనుమతి ఇస్తారు. ఆ సమయంలో బీ1 స్థాయి జర్మన్ ఉన్నవాళ్లకూ, లేనివాళ్లకూ వచ్చే పిలుపుల్లో తేడా కళ్లారా చూస్తున్నాను. బెర్లిన్‌లో, కొన్ని పెద్ద కంపెనీల్లో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. చిన్న ఊళ్లలోని కంపెనీలు జర్మన్‌లోనే మాట్లాడతాయి. అమ్మాయిని అక్కడే దాని కింది మెట్టు ఏ2 వరకైనా పూర్తి చేయించి పంపండి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె సెంట్రమ్ ఉంది.

ఓరుగల్లు_కుర్రాడు:

ఇన్ని రోజులుగా నన్ను పీడించిన గందరగోళం తీరింది. అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టడం మానుకున్నాను. నాన్నతో మాట్లాడాను. ముందు గేట్ రాస్తాను, పక్కనే ఏపీఎస్‌కు కాగితాలు సిద్ధం చేసుకుంటాను. బ్లాక్డ్ అకౌంట్ డబ్బుకు విద్యా రుణం గురించి బ్యాంకులో అడుగుతాను. పదో తరగతి మెమోలో నాన్న పేరులో ఒక అక్షరం తేడా ఉంది, గురువుగారు చెప్పకపోతే చూసేవాణ్ని కాదు.

సార్లాండ్ అక్కా, మీరు చెప్పినట్టు పట్టిక మొదలుపెట్టాను. ఒక విశ్వవిద్యాలయం నిబంధనల్లో సిద్ధాంత విభాగానికి కనీస క్రెడిట్లు అడిగారు. నాకు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ 3, ఆటోమాటా థియరీ 3, అల్గారిదమ్స్ 3, కంపైలర్ డిజైన్ 3, మొత్తం 12. ఒకటిన్నరతో గుణిస్తే 18 వచ్చాయి. గణితం ఒకటి, రెండు కలిపి 8 క్రెడిట్లు, అంటే 12. డిస్క్రీట్‌ను గణితంలో వేయాలా, సిద్ధాంతంలోనా?

సార్లాండ్_అక్క:

ఒక సబ్జెక్టును రెండు విభాగాల్లో చూపించకు, అలా చేస్తే పట్టిక మొత్తం మీద నమ్మకం పోతుంది. ఆ కోర్సు నిబంధనల్లో గణితానికి ఎంత అడిగారో ముందు చూడు. గణితం 12తో సరిపోతే డిస్క్రీట్‌ను సిద్ధాంతంలో వేయి. సరిపోకపోతే గణితంలోకి తీసుకెళ్లు, చాలా జర్మన్ విశ్వవిద్యాలయాల్లో దాన్ని గణితంగానే బోధిస్తారు. అప్పుడు సిద్ధాంతంలో 13.5 మిగులుతుంది. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ సబ్జెక్టు నీ మెమోలో ఉండే ఉంటుంది, దాన్ని గణితంలో కలపడం మరిచిపోయావు, చూసుకో.

కంపైలర్ డిజైన్ విషయంలో జాగ్రత్త. మీ సిలబస్‌లో మొదటి రెండు యూనిట్లు పార్సింగ్, గ్రామర్లు అయితే సిద్ధాంతంలో వేసి, ఆ యూనిట్ల పేర్లు వివరణలో మొదట రాయి. కోడ్ జనరేషన్, ఆప్టిమైజేషన్ ఎక్కువైతే సిస్టమ్స్ వైపు వేయడమే నిజాయితీ. సందేహం తీరకపోతే ఆ కోర్సు సలహాదారుకు రెండు వాక్యాల ఈమెయిల్ రాయి, సిలబస్ పేజీ జతచేయి. జవాబు ఆలస్యంగా వచ్చినా సాధారణంగా వస్తుంది. పట్టిక పూర్తయ్యాక ఇక్కడ పెట్టు, పంపే ముందు ఒకసారి చూస్తాను.